ముగ్గు, పందిరి, ప్రభ



కళ యనగానే మన మనస్సు నిలిచియుండు వస్తువులమీదికి పోవును. గుడి, గోపురము, విగ్రహము, చిత్తరువు, గ్రంథము: ఇవన్నియు కాలమున కెదురు నిలువవలెనను కోరికతో పుట్టినవి. వీనిని గూర్చి పెద్దలు ఎన్నియో ప్రసంగములు చేసియున్నారు. నేను నేడు చెప్పబోవునది వేరొక తెగ కళ. ఇది నిలుచుటకు పుట్టినది కాదు. ఉదయమున పుట్టి సాయంకాలమునకు చెరిగిపోవునది కొంత. మూడునాళ్లు నిలిచి నాలుగవనాడు విప్పబడునది కొంత. దీనికి ప్రత్యేకమైన మందిరము లేదు. మనము దినదినము త్రొక్కి నడచు వాకిలియు, బండ్లు తిరుగు వీథియు, పైరు పెరుగు పొలమును దీనికి తావులు. తెలిసిన తావును కొలదికాలము తెలియని తావుగా మార్చి, మరల ఎప్పటివలె చేసి విడిచిపోవుట దీని లక్షణము.

పాశ్చాత్యదేశములలో ఇట్టి కళకు ‘ఇన్‌స్టలేషన్’ అను పేరు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వాడుకలోనికి వచ్చినది. అందు మిక్కిలి పేరొందినవారు క్రిస్టో, జాన్ క్లోడ్ దంపతులు. బెర్లిను నగరమున రైష్టాగ్ అను శాసనసభాభవనమును వారు 1995 జూన్ 24 మొదలు జూలై 7 వరకు వెండివన్నె వస్త్రముతో సాంతము కప్పి, నీలిరంగు మోకులతో బిగించిరి. అందులకు లక్ష చదరపు మీటర్లకు మించిన వస్త్రమును, 15 కిలోమీటర్లకు మించిన త్రాడును పట్టినవి. ఆలోచన పుట్టినది 1971లో. అనుమతి దొరకి పని నెరవేరుటకు 24 ఏండ్లు పట్టినది. నిలిచినది 14 దినములు. ఆ రెండువారములలో సుమారు 50 లక్షలమంది వచ్చి చూచిరని చెప్పుదురు. ఖర్చునకు ప్రభుత్వమునొద్ద గాని వర్తకులయొద్ద గాని చేయి చాపక, తమ నమూనాచిత్రములను అమ్మి వారే భరించిరి. పని ముగిసినపిదప వస్త్రమును విప్పి తిరిగి ఉపయోగమునకు పంపిరి.

ఆలోచించిన నిది వింతగా తోచును. ఆ భవనము నూరేండ్లనుండి అచ్చటనే యున్నది. నిత్యము దానిముందు నడచువారు తలయెత్తి చూచుట మానిరి. గుడ్డ కప్పి కనబడకుండ చేసినప్పుడు, దాని ఆకారము, దాని పొడవు వెడల్పులు, దానితో ముడిపడిన దేశచరిత్రము అందఱికిని ఒక్కమారు కనబడినవి. కన్ను అలవాటుపడిన వస్తువును చూడదు. అలవాటు చెదరినప్పుడే చూచును. ఈ కళకు మూలసూత్ర మిదియే.

ఈ సూత్రము మన పల్లెలకు క్రొత్త కాదు. దానిని చెప్పుటకు ముందు ఒక భేదము గుర్తింపవలసి యున్నది. మా రాజుపాలెము సత్తెనపల్లినుండి పిడుగురాళ్లకు పోవు దారిమీది గ్రామము. మిరప, ప్రత్తి పండు నేల. మాఘఫాల్గుణములలో చేల ప్రక్కను కల్లములయందు పండుమిరప ఆరబోసినప్పుడు నేల యంతయు ఎఱ్ఱని తివాసి పఱచినట్లుండును. దారిని బోవు క్రొత్తవాడు నిలిచి చూడక మానడు. ఐనను రైతు దానిని చూపుటకై పోయలేదు, ఎండుటకై పోసెను. తేమ పోగానే గోతముల కెత్తును. అచ్చట అందము పిలువకయే వచ్చినది. మన మిప్పుడు తలచు కళ యట్టిది కాదు. ఇందు మనుష్యుడు కోరి యొక తావును మార్చి, ‘వచ్చి చూడుడు’ అని తోడివారిని పిలుచును. కట్టుట, చూచుట, విప్పుట అను మూడంగములు దీనికి గలవు. మూడవ యంగమును గూర్చి నేను కొంత ఎక్కువగా చెప్పదలచితిని. ఏలయనగా మనము నేడు మఱచుచున్నది దానినే.

మొదట ముగ్గును తీసికొందము. వాకిలి ఊడ్చి, పేడనీటితో కళ్లాపి చల్లినపిమ్మట ధూళి యణగి, నేల నల్లబడి చదునగును. చిత్రకారుడు పలకకు పూత పూసికొనుటవంటి పని యిది. కళ్లాపి పూర్తిగ ఆరకముందే పిండి పడవలెను. తడినేలయే పిండిని పట్టుకొనును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండి పట్టి, చేయి నేలకు తాకింపక, సన్నముగా జాఱవిడుచుచు గీతను నడుపుదురు. చేయి జంకిన గీత లావగును, తొందరపడిన తెగిపోవును. ఈ మెలకువ బడిలో చెప్పునది కాదు. తల్లి ప్రక్కను గొంతుకూర్చుండిన ఆడపిల్ల పాఠము లేకయే దీనిని పట్టుకొనును.

చుక్కలు వరుసగా పెట్టి వానిని గీతలతో కలుపుట ఒక పద్ధతి. చుక్కలను తాకక, వాని చుట్టు త్రిప్పుచు, బయలుదేరినచోటికే వచ్చి చేరునట్లు గీతను నడుపు మెలికముగ్గు మఱియొక పద్ధతి. ఇన్ని చుక్కలకు ఇన్ని మెలికలని పెద్దమ్మలు నోటిలెక్కగా చెప్పుదురు. వారికి తెలియకున్నను అందు గణితము దాగియున్నది. 1974లో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ అను మద్రాసు పండితులు తమిళనాటి కోలములలోని అల్లికను గణితసూత్రములుగా వ్రాసి ప్రకటించిరి. భాషకు వ్యాకరణమున్నట్లే చిత్రమునకును వ్యాకరణముండునని చూపిన తొలి రచనలలో నది యొకటి. కంప్యూటరు శాస్త్రజ్ఞులు దానిని నేటికిని పేర్కొందురు.

ముగ్గు చేయు మార్పు ఎట్టిదో చూడుడు. వాకిలి యనునది ఇంటికిని వీథికిని నడుమనున్న తావు. అది ఇంటిదియు కాదు, వీథిదియు కాదు. గోడ లేదు, కంచె లేదు. ముగ్గు పెట్టినంతనే అచ్చట ఒక గది యేర్పడినట్లగును. బండి తోలువాడు ఎద్దులను ప్రక్కకు త్రిప్పును. పాలు పోయు మనిషి అంచు వెంట నడచి వచ్చును. పరుగెత్తు పిల్లవాడును ఒక్క గంతు వేసి దాటును. చిటికెడు పిండికి గోడకున్న అధికారము వచ్చినది. కాని గోడవలె అది ఎవరిని ఆపలేదు. మెల్లగా నడువుమని మాత్రము చెప్పినది.

ధనుర్మాసము పట్టినది మొదలు సంక్రాంతివఱకు ఈ పని నెలదినములు సాగును. ముగ్గు నడుమ గొబ్బెమ్మలు, గొబ్బెమ్మలపై గుమ్మడిపూవులు, బంతిపూవులు పెట్టుదురు. పండుగ చివర రథముముగ్గు వేయుదురు. ఈ రథమునకు మోకు ఉండును. ఆ మోకుగీతను ఇల్లాలు తన వాకిట ఆపదు. ప్రక్కయింటి రథమువఱకు లాగి విడుచును. ప్రక్కయింటావిడ దానిని అందుకొని ఆవలి యింటికి నడుపును. ఇట్లు వీథి మొదటినుండి చివరవఱకు ఒక్క గీత పోవును. ఏడాది పొడుగున మాటలు లేని రెండిండ్ల నడుమ గూడ ఆ దినమున గీత తెగనీయరు. ఒక్కొక్క యింటిది విడిగా చిన్న ముగ్గే. అన్నియు కలిసినప్పుడు వీథియే యొక చిత్రమగును. ఇది ఎవరు గీసినదని అడిగిన చెప్పుటకు ఒక్క పేరు చాలదు.

మఱునాటి ప్రొద్దున అంతయు చీపురునకు పోవును. దానికెవరును చింతింపరు. వరిపిండి ముగ్గైనచో అంతకుముందే చీమలును పిచ్చుకలును తమ పాలు తినియుండును. గొబ్బెమ్మలను గోడకు కొట్టి పిడకలు చేయుదురు. రథసప్తమినాడు ఆ పిడకల సెగమీద పాలు పొంగించి పరమాన్నము వండి, చిక్కుడాకులలో సూర్యునకు నైవేద్యము పెట్టుదురు. పుష్యములో వాకిటి యలంకారమైనది మాఘములో పొయ్యిలోని నిప్పైనది. విప్పుట యను అంగము ఇచ్చట కళకు ముగింపు మాత్రమే కాదు. వేరొక పనికి ఆరంభము గూడ.

ఇక పందిరి. ముగ్గు ఒక్కరి చేతిపని. పందిరికి పదిమంది కావలెను. రాటలు, వాసములు, వెదురుబద్దలు, తాటాకులు, పురి, ఇవి దాని సామగ్రి. గునపముతో మోకాటిలోతు గుంటలు త్రవ్వి రాటలు నిలుపుదురు. పెండ్లి పందిరైనచో మొదటి రాటకు పసుపుకుంకుమలు పెట్టి, మామిడాకులు కట్టి, ముహూర్తము చూచి పాతుదురు. పైన వాసములు పఱచి, వెదురుబద్దలు అడ్డముగా కట్టి, తాటాకులను ఒకదానిపై నొకటి సగము పడునట్లు పేర్చి పురితో బిగింతురు. ద్వారమున అరటిబోదెలు, మామిడితోరణములు. ప్రొద్దున మొదలిడిన సాయంకాలమునకు వీథి సభామండపమగును.

చైత్రమున మా ప్రాంతపు ఎండ యెట్టిదో రెంటచింతల పేరు వినినవారికి చెప్పనక్కరలేదు. ఆ ఎండలో తాటాకు పందిరి చల్లగా నుండుటకు కారణము కలదు. ఆకు సూర్యకిరణమును ఆపును; కాని ఆకునకును ఆకునకును నడుమ సందులుండుటచే వేడెక్కిన గాలి పైకి జాఱిపోవును. ఇనుపరేకు అట్లు కాదు. తాను కాగి, ఆ వేడిమిని క్రిందనున్నవారి తలలమీదికి విడుచును. శ్రీరామనవమికి వేయు దానిని ‘చలువపందిరి’ యనుట అలంకారమునకు కాదు; ఉన్నమాట చెప్పుటయే. ఆకుల సందులనుండి నేలమీద పడు ఎండచుక్కలు గాలికి కదలుచుండగా, పానకము త్రాగుచు కూర్చుండిన వానికి అది తాను దినమును నడచు వీథియేనని తోచదు. నిన్న సైకిలు నిలిపినచోట నేడు సీతారాములు పీటలమీద కూర్చున్నారు. రేపు మరల సైకిలు నిలుచును. ఐనను ఆ చోటును దాటునప్పుడు కొన్నాళ్లవఱకు మనస్సున కల్యాణము మెదలుచునేయుండును.

మూడవది ప్రభ. ముగ్గు ఇంటిది, పందిరి వీథిది, ప్రభ ఊరిది. నరసరావుపేట సమీపమున యల్లమందకడనున్న కోటప్పకొండమీద త్రికోటేశ్వరస్వామి వెలసియున్నాడు. మహాశివరాత్రి తిరునాళ్లకు చుట్టుపట్ల గ్రామములవారు మ్రొక్కుబడిగా ప్రభలు కట్టి కొండకు నడిపింతురు. వెదురుతోను కొయ్యతోను నిలువెత్తుగా చట్రము కట్టి, రంగుగుడ్డలు, కాగితములు, అద్దములు, దేవుని పటములు, దీపమాలలు అలంకరించి బండిమీద నిలుపుదురు. పెద్ద ప్రభలు 80, 90 అడుగుల ఎత్తుగూడ ఉండును. పూర్వము ఎడ్లు లాగెడివి. ఇప్పుడు పెక్కుచోట్ల ట్రాక్టరులు లాగుచున్నవి. రాత్రివేళ విద్యుద్దీపములతో అవి చేల నడుమ కదలుచు వచ్చుచుండగా, గోపురములే లేచి నడచి వచ్చుచున్నట్లుండును.

ఇంత ఎత్తుగల వస్తువు బండిమీద పడిపోక నిలుచు టెట్లు? వెదురు బోలుగనుక తేలిక, గణుపులుండుటచే గట్టి, గాలికి వంగి మరల నిక్కును గనుక విఱుగదు. చట్రమున సందులుండుటచే గాలి కొంత లోపలినుండి దూరిపోవును. బరువంతయు అడుగున నుండునట్లు చూతురు. పైనుండి నలుదిక్కులకు మోకులు వేలాడగట్టి, ప్రతి మోకును కొందఱు పట్టుకొని నడతురు. దారి మలుపు తిరిగినప్పుడు ఒక ప్రక్కవారు బిగించి ఎదుటి ప్రక్కవారు వదలవలెను. ఒక్కరు ఏమఱినను అపాయమే. దారికడ్డముగా నున్న విద్యుత్తు తీగలను ఆ శాఖవారు ముందుగా తొలగించి, ప్రభ దాటినపిదప మరల కట్టుదురు. ఆ రాత్రి ఊరివారు కోటయ్యకొఱకు దీపములు లేకయే కొంతసేపు గడుపుదురు. అనగా ప్రభ మార్చునది కొండదిగువ మైదానమును మాత్రమే కాదు. దారి పొడుగునగల ఊళ్లను గూడ.

కోనసీమలో ఇట్టిదే వేఱొక రీతి కలదు. అంబాజీపేట సమీపమున జగ్గన్నతోటలో కనుమనాడు ఏకాదశరుద్రుల ప్రభలు కూడుకొనును. అచ్చట బండ్లు లేవు. ప్రభను భుజములమీద మోయుదురు. దారియు లేదు, పచ్చని వరిచేలకు అడ్డముగా నడతురు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు కౌశికకాలువలో దిగి నీటిని దాటి పోవును. చేను త్రొక్కబడినందుకు రైతు కోపింపడు. రుద్రుడు నడచిన చేను పండునని నమ్మును. 2023 రిపబ్లిక్ దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశమువారు చూపిన శకటము ఈ ప్రభలతీర్థమునకు సంబంధించినదే. పొలముగట్టుమీది వస్తువు రాజధాని వీథిలో నడచినది. కాని చేనులేని ప్రభ సగము ప్రభయే యని ఆ తీర్థమును చూచినవారందఱును ఒప్పుకొందురు.

పైన చెప్పిన మూడింటిలోను ఒక పోలిక యున్నది. వీనిని కొని తెచ్చి పెట్టుకొనుటకు వీలులేదు. ఒక్కొక్కటి ఆ తావునుండియే పుట్టినది. ఎప్పటికప్పుడు క్రొత్తగా చేయవలసియుండుటచే చేయుటెట్లో తెలిసినవారు ప్రతి తరమునను ఉండితీరవలెను.

ఈ సందర్భమున మా జిల్లాలోని రాతికళను తలచుకొందము. అమరావతి, నాగార్జునకొండ రెండును నేటి పల్నాడు జిల్లాలోనివే. అమరావతి స్తూపపు పలకలు వేయిన్నర సంవత్సరములకు పైబడినవి. 1845లో వాల్టరు ఎలియట్ దొర కొన్ని పలకలను త్రవ్వించి మద్రాసునకు పంపెను. అవి 1859లో ఓడలమీద లండను చేరెను. 1880 మొదలు బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. అంతకుముందే కొన్ని పలకలు ఇండ్లకట్టడములకు పోయినవి, కొన్ని సున్నపుబట్టీలలో కాలినవి. నాగార్జునకొండ లోయ సంగతి తెలిసినదే. 1955లో సాగరు ఆనకట్టకు శంకుస్థాపన జరిగినపిదప ఆ లోయ నీటిపాలయినది. త్రవ్వకములలో దొరకిన కట్టడములలో కొన్నింటిని కొండమీదికి చేర్చి నిలిపిరి.

శాశ్వతముగా నుండవలెనని రాతిలో చెక్కినవి తమ తావును విడిచి పోయినవి. గడియలో చెరిగిపోవు ముగ్గు తన వాకిలిని విడిచి పోలేదు. దానిని ఎవరును ఓడ కెక్కింపలేదు, ఎక్కింపజాలరు. రాయి తాను నిలుచును. ముగ్గు తనను వేయు చేతులను నిలుపును. ఈ రెండు విధములైన నిలుకడలును వేఱు. రాతికళను నే నిందుచే తక్కువ చేయుట లేదు. దానికి కావలసిన సంరక్షణ వేఱు, దీనికి కావలసిన సంరక్షణ వేఱు అని మాత్రమే మనవి.

ఇప్పుడు మూడవ యంగమునకు వత్తము. తెలంగాణమున బతుకమ్మను చూడుడు. తంగేడు, గునుగు, బంతి పూవులను గోపురముగా పేర్చి, చుట్టు తిరిగి ఆడి, చివరకు చెఱువులో విడుతురు. చెఱువునకు పూవులవలన బాధలేదు. కట్టుట యెంత ముఖ్యమో సాగనంపుట అంత ముఖ్యము. హైదరాబాదున ఖైరతాబాదు వినాయకుని 1954లో సింగరి శంకరయ్యగారు ఒక్క అడుగు విగ్రహముతో ఆరంభించిరి. ఏటేట ఎత్తు పెరిగి 2014 నాటికి 60 అడుగు లయినది. వస్తువు పెరిగినకొలది దానిని విప్పు ప్రశ్నయు పెరిగినది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అను పిండి నీటిలో మట్టివలె కరగదు. రంగులు చెఱువునకు కీడు చేయును. 2022లో అచ్చట తొలిసారి 50 అడుగుల మట్టివిగ్రహమును నిలిపిరి. ఎత్తు తగ్గినను గౌరవము తగ్గలేదు. కళ యెట్లు పోవలెనో మొదటనే ఆలోచించినందున ఆ మార్పు సాధ్యమయినది.

మఱి మన పల్లెలలో నేమి జరుగుచున్నది? వాకిలికి సిమెంటు వచ్చినది. బురద పోయినది, మేలే. కాని సిమెంటుమీద పొడి నిలువదు; లారీగాలి వచ్చిన లేచిపోవును. అందుచేత కొందఱు ముగ్గును రంగుతో శాశ్వతముగా వేయించిరి. మఱికొందఱు అచ్చువేసిన కాగితపు ముగ్గులను అంటించిరి. మొదటివారము అవి సొగసుగానే యుండును. నెల దాటినపిదప ఇంటివారికే అవి కనబడుట మానును. వాని చుట్టు తిరిగి నడచువాడు లేడు. అందఱును త్రొక్కియే పోవుదురు. రైష్టాగ్ విషయమున చెప్పిన మాటయే ఇచ్చట తిరుగబడినది: ఎప్పుడును ఉండునది కంటికి ఆనదు. మామిడితోరణమునకు మాఱుగా ప్లాస్టికు తోరణము, అరటిబోదెలకు మాఱుగా ఫ్లెక్సీ. పండుగ ముగిసినపిదప మామిడాకును మేక తినును; ఫ్లెక్సీ మురుగుకాలువకు అడ్డుపడును.

మా వీథిలో ఇటీవల ఒక యాలోచన బయలుదేరినది. ఏటేట నవమికి వేయు చలువపందిరికి బదులు, వీథిమీద ఇనుపరేకుల కప్పు శాశ్వతముగా వేయవలె నని. దాతలు సిద్ధముగా నున్నారు. వద్దన్నవారికి ఒక పెద్దాయన వేసిన ప్రశ్న న్యాయమైనది: “ఏటేటా కట్టను, ఇప్పను మనుషులేరయ్యా?” నిజమే. కుఱ్ఱవాండ్రు గుంటూరునకును హైదరాబాదునకును పోయిరి. తాడి ఎక్కి ఆకు కొట్టువారు తగ్గిరి. సిమెంటు రోడ్డులో గునపము దిగదు. రాటలను డబ్బాలలో ఇసుక పోసి నిలుపవలసివచ్చుచున్నది. గాలి వచ్చిన అవి ఊగుచున్నవి. నిప్పు భయమును కలదు. 2023 శ్రీరామనవమినాడు పశ్చిమగోదావరి జిల్లా దువ్వ గ్రామమున వేణుగోపాలస్వామి యాలయముకడ పందిరి అంటుకొన్నది. ప్రాణహాని లేకపోవుట దైవకృప. ఈ కష్టములను లెక్కింపక, పాతది గనుక పందిరియే మంచిదనుట వట్టి మాట యగును.

ఐనను రేకుల కప్పు వేసినచో ఏమగునో ఆలోచింపవలెను. నవమినాడు వీథి మారదు. ఏడాది పొడుగున నున్నట్లే యుండును. ఆ దినమున రాట పట్టుటకు ఎవరిని పిలువనక్కరలేదు. కావున ఎవరును రానక్కరలేదు. వేయుట లేనిచోట విప్పుటయు లేదు. విప్పుటకు కూడినప్పుడు జరుగు మాటలును, పాత తగవులు చల్లారుటయు నుండవు. మిగిలిన తాటాకు పేదయింటి దడికి పోవుట ఉండదు. తుదకు కప్పు క్రింద బండ్లు నిలుచును, బస్తాలు చేరును; ఆ తావు ఎవరో ఒకరిదగును. పందిరి తావును ఎవరికిని ఇయ్యదు. నాలుగునాళ్లు అందఱిదిగా చేసి, తిరిగి వీథికే యప్పగించును.

కావున నే నా పెద్దలతో మనవి చేసినది మీతోను చెప్పుచున్నాను. నీడ ఏడాది పొడుగున కావలసిన తావులున్నవి: బస్సుకొఱకు నిలుచు చోటు, కూరగాయ లమ్ముకొను చోటు. దాతల రేకులు అచ్చట వేయుడు. పందిరి వీథిని తెఱచియే యుంచుడు. సిమెంటు రోడ్డు పోయునప్పుడు ఇరుప్రక్కల రాటలకు తగిన గుంటలను, ఇనుప మూతలతో, ముందే విడిచిపెట్టుడు; అప్పుడు గునపముతో పనిలేదు, ఇసుకడబ్బాలతో పనిలేదు. వాసములను, వెదురులను ఒక యింట పదిలపఱచిన మఱుసటి యేడు కొననక్కరలేదు. పందిరికి రెండు దారు లుండవలెను. నీటిపీపాలు దగ్గర నుండవలెను. టపాకాయలు దూరమున కాల్పవలెను. విద్యుత్తు తీగలను తెలిసిన పనివానిచేతనే కట్టింపవలెను. పట్టణమునకు పోయిన పిల్లలకు నవమికి వారముముందే కబురు పంపవలెను. భోజనమునకు వచ్చువారు రాట పట్టుటకును ఒకనాడు ముందు రావచ్చును.

ఈ విషయమున మా వీథివారు ఇంకను ఒక నిర్ణయమునకు రాలేదు. మాటలు సాగుచున్నవి. మీ యూళ్లలోను ఇట్టి ప్రశ్న ఏదో యొక రూపమున వచ్చియేయుండును. అప్పుడు ఇది ఎంతకాలము నిలుచును అని మాత్రమే కాక, దీనిని వేయుటకు ఎంతమంది కూడుదురు, తీసినపిదప ఆ తావున ఏమి మిగులును అని గూడ అడుగుడని నా ప్రార్థన. ముగ్గు తీసినచోట తుడిచిన నేల మిగులును. పందిరి తీసినచోట పూడ్చిన గుంటల గుర్తులును, చూచినవారి మనస్సున ఒక చల్లదనమును మిగులును. వచ్చు నవమికి మా రాజుపాలెపు వీథిలో తాటాకు పందిరి క్రింద మీరును ఒక గ్లాసు పానకము పుచ్చుకొందురుగాక యని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.